తెరకు మించిన విండో – కారణములు, నివారణోపాయములు

నేటి విద్యార్థికి కంప్యూటరు పలకా బలపము వంటి నిత్యావసర సాధనమైనది. కళాశాలలో ప్రవేశము, పరీక్ష రుసుము చెల్లింపు, విద్యార్థివేతనము, హాల్ టికెట్టు, ఫలితములు – ఇవన్నియు తెరమీదనే జరుగుచున్నవి. ఇట్టి తరుణమున చూచుటకు చిన్నదిగ తోచు ఒక చిక్కు తరచుగ ఎదురగుచున్నది. ప్రోగ్రామును తెరచినంతనే దాని విండో కంప్యూటరు తెరకంటె పెద్దదిగ వచ్చి నిలుచును. పైభాగము కనిపించును; క్రిందిభాగము తెర అంచు దాటిపోవును. పని అంతయు ముగించిన పిమ్మట నొక్కవలసిన "సరే", "భద్రపరచు", "సమర్పించు" అను బటన్లు సాధారణముగ ఆ క్రిందిభాగముననే ఉండును. అవి కంటికి కనిపింపవు, మౌసుకు అందవు.

ఇది అల్పవిషయమని కొందరు తలంపవచ్చును. కాని దరఖాస్తుకు చివరి తేదీనాటి సాయంకాలము, వివరములన్నియు నింపి, బటను కానరాక కూర్చున్న విద్యార్థికి ఇది అల్పవిషయము కాదు. క్రొత్త యంత్రమును కొనగలవానికి ఈ బాధ తక్కువ. అన్నగారి పాత ల్యాప్‌టాప్‌తోనో, చౌకగ కొన్న చిన్న తెరతోనో చదువుకొనువానికే ఇది ఎక్కువ. అంతకంటె విచారకరమైనది మరియొకటి కలదు. ఇట్టి చిక్కు వచ్చినపుడు "నాకు కంప్యూటరు రాదు" అని విద్యార్థి తన్ను తానే నిందించుకొనుచున్నాడు. మా ప్రయోగశాలలో మేము దీనిని పలుమారులు గమనించితిమి. కావున దోషము ఎచ్చట ఉన్నదో, దానిని సరిచేయు మార్గములేవో మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసమున వివరింప పూనుకొనుచున్నాము.

తెర అనగా నేమి?

కంప్యూటరు తెర సన్నని చుక్కల కూర్పు. ఈ చుక్కలను పిక్సెల్స్ అందురు. ఒక తెర కొలత 1366 × 768 అని చెప్పినచో, అడ్డముగ 1366 చుక్కలు, నిలువుగ 768 చుక్కలు ఉన్నవని అర్థము. మొత్తము 10,49,088 చుక్కలు. విండో కొలత సైతము ఈ చుక్కలలోనే లెక్కింపబడును. 700 చుక్కల ఎత్తుగల విండో 768 చుక్కల తెరలో ఇముడును. 600 చుక్కల తెరలో ఇమడదు.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలయును. తెర ఎన్ని అంగుళములు అనునది ప్రధానము కాదు, ఎన్ని చుక్కలు అనునదే ప్రధానము. 32 అంగుళముల టెలివిజన్లలో అనేకము 1366 × 768 చుక్కలవే. 14 అంగుళముల ల్యాప్‌టాప్‌లలో అనేకము అట్టివే. టెలివిజన్ తెర గోడనిండ ఉన్నను, అందులో ఇముడు విండో ల్యాప్‌టాప్‌లో ఇముడుదానికంటె పెద్దది కాదు. అక్షరములు మాత్రమే పెద్దవిగ కనిపించును.

తెరల కొలతలు ఒక్కతీరున పెరిగినవి కావు. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనా కేంద్రమున రూపొందిన ఆల్టో అను కంప్యూటరు తెర 606 అడ్డము, 808 నిలువు. అది కాగితమువలె నిలువుగ నుండెను. 1984లో వెలువడిన మాకింటోష్ తెర 512 × 342. 1987లో ఐబీఎమ్ సంస్థ ప్రవేశపెట్టిన వీజీఏ ప్రమాణము 640 × 480. తరువాత 800 × 600, 1024 × 768 వ్యాప్తిలోనికి వచ్చినవి. ఒకప్పటి 17 అంగుళముల చదరపు తెరలలో పలువాటికి నిలువున 1024 చుక్కలుండెను. వాని తరువాత వచ్చిన వెడల్పాటి 1366 × 768 తెరలలో నిలువు 768కి తగ్గినది. అనగా క్రొత్త తెర కొన్నవాడు అడ్డమున కొంచెము లాభించి, నిలువున 256 చుక్కలు కోల్పోయెను. నేటి తెరలలో కరవైనది ఎత్తే. బటన్లు క్రిందనే మాయమగుటకు ఇది ఒక కారణము.

దోషము ఎచ్చటిది?

ప్రోగ్రామును వ్రాయువాడు తన మేజాపై నున్న తెరను చూచి వ్రాయును. అది సాధారణముగ పెద్దది. తన తెరలో ఇమిడిన విండో అందరి తెరలలోను ఇముడునని అతడు భావించును. ఆ భావనయే ఈ చిక్కునకు మూలము.

దీనికి చక్కని నిదర్శనము 2007లో లభించినది. తైవాన్ దేశపు ఆసుస్ సంస్థ ఆ సంవత్సరమున ఈ పీసీ అను చిన్న కంప్యూటరును విడుదల చేసినది. దాని తొలి నమూనా తెర 7 అంగుళములు; కొలత 800 × 480. ఆ బాటలోనే వచ్చిన పది అంగుళముల నెట్‌బుక్కులలో పలువాటి కొలత 1024 × 600. ఇవి వెల తక్కువవి, బరువు తక్కువవి, విద్యార్థులకు అనుకూలమైనవి. కాని అప్పటికే 768 చుక్కల ఎత్తును దృష్టిలో నుంచుకొని వ్రాసిన ప్రోగ్రాములలోని విండోలు వీనిలో ఇమడలేదు. 2012లో వచ్చిన విండోస్ 8లో స్టోర్ ప్రోగ్రాములకు కనీసము 1024 × 768 తెర ఉండవలెనని నియమము పెట్టిరి. నెట్‌బుక్కులలో ఆ ప్రోగ్రాములు తెరచుకొననే లేదు. యంత్రము చెడలేదు, వాడుకరి తప్పు చేయలేదు, ఎదుటివాని ఊహ మాత్రమే వేరుగ నుండెను.

రెండవ కారణము స్కేలింగ్. అక్షరములు చిన్నవిగ నున్నప్పుడు వానిని పెద్దవి చేయుటకు విండోస్‌లో 125 శాతము, 150 శాతము అను అమరికలు కలవు. ఇవి కంటికి మేలు చేయును గాని చోటును తగ్గించును. లెక్క సులభము. చుక్కల సంఖ్యను స్కేలుతో భాగించవలెను. 1920 × 1080 తెరను 150 శాతమునకు పెంచినచో, ప్రోగ్రాములకు మిగులునది 1280 × 720 మాత్రమే. 768 ఎత్తుగల తెరను 125 శాతమునకు పెంచినచో మిగులునది సుమారు 614. అందులో టాస్క్‌బార్ విండోస్ 10లో 40 చుక్కలు, విండోస్ 11లో 48 చుక్కలు ఆక్రమించును. విండోస్ 10లో మిగిలినది 574. ఇపుడు 700 చుక్కల విండో తెరచినచో 126 చుక్కల మేర క్రింద మరుగున పడును. బటన్ల వరుసకు ఆ చోటు చాలును. 2007నాటి నెట్‌బుక్కు కష్టము నేటి ల్యాప్‌టాప్‌లోనికి వచ్చిన విధమిది.

మూడవ కారణము ప్రొజెక్టరు. సెమినారు హాలులోని ప్రొజెక్టరు 1024 × 768 కొలతది అయినచో, ఒకే దృశ్యము రెంటిలోను కనిపించునట్లు కలిపినప్పుడు ల్యాప్‌టాప్ తెర సైతము ఆ కొలతకు దిగవచ్చును. అంతవరకు ఇమిడిన విండో అపుడు ఇమడదు. ప్రొజెక్టరును రెండవ తెరగా విస్తరించి వాడి, పిమ్మట తీగ తీసివేసినచో, కొన్ని ప్రోగ్రాములు లేని తెరపైననే తెరచుకొనును. టాస్క్‌బార్‌లో పేరుండును, విండో మాత్రము ఎచ్చటను కనిపింపదు.

నివారణోపాయములు

ముందుగ ఒక హెచ్చరిక. బటన్లు కనిపింపనపుడు ఎంటర్ కీని గుడ్డిగ నొక్కరాదు. కనిపించని బటనును నొక్కుట చీకటిలో సంతకము చేయుటవంటిది. అచ్చట "తొలగించు" అను బటను ఉండినచో శ్రమ అంతయు వ్యర్థమగును. సందేహము కలిగినప్పుడు ఎస్కేప్ కీ నొక్కి వెనుకకు వచ్చుట క్షేమము. ఇక ఉపాయములను సులభమైనవానితో ప్రారంభించి వరుసగ చెప్పుదుము.

మొదటిది, విండోను తెరనిండ పరచుట. విండోస్ కీని పట్టుకొని పైబాణపు కీని నొక్కినచో విండో తెర కొలతకు సరిపడును. ఈ సదుపాయము 2009లో వచ్చిన విండోస్ 7 నుండి కలదు. అయితే కొలత మార్పనీయని చిన్న సంవాదపు పెట్టెలపై ఇది పనిచేయదు.

రెండవది, విండోను కీబోర్డుతో జరుపుట. ఆల్ట్ కీని పట్టుకొని స్పేస్‌బార్‌ను నొక్కినచో ఒక చిన్న పట్టిక తెరచుకొనును. అందు "మూవ్" అనుదానికై ఎమ్ అక్షరమును నొక్కి, బాణపు కీలతో విండోను పైకి జరుపవలెను. పైభాగము తెర దాటిపోయినను భయపడనక్కరలేదు. క్రింది బటన్లు కనిపించినంతనే ఎంటర్ నొక్కి ఆపవచ్చును. ఈ ఎంటర్ జరుపుటను ముగించుటకే గాని బటనును నొక్కుటకు కాదు. ఆ పట్టికలోనే ఎస్ అక్షరము "సైజ్" అనుదానికి. దానితో కొలతను తగ్గింపవచ్చును. లేని తెరపై చిక్కుకొన్న విండోను వెనుకకు తెచ్చుటకు సైతము ఈ మార్గమే శరణ్యము. పరచియున్న విండోకు "మూవ్" పనిచేయదు గనుక ముందు దానిని మామూలు కొలతకు తీసికొనిరావలెను. పైకి జరుపుటకు ఏదేని ప్రోగ్రాము ఒప్పుకొననిచో తరువాతి ఉపాయములను ఆశ్రయింపవలెను.

మూడవది, స్కేలును తగ్గించుట. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే అను భాగమునకు పోయి 125 లేక 150 శాతమును 100కు మార్చినచో చోటు వెంటనే పెరుగును. పని ముగిసిన పిమ్మట మరల యథాస్థితికి తేవచ్చును.

నాలుగవది, రిజల్యూషన్‌ను పరీక్షించుట. ఇచ్చట పలువురు పొరపడుచున్నారు. అక్షరములు చిన్నవిగ నున్నవని రిజల్యూషన్‌ను తగ్గించినచో చుక్కలు తగ్గును, చోటు మరింత తగ్గును. డిస్‌ప్లే భాగమున "సిఫార్సు చేయబడినది" అని ఏ కొలత ప్రక్కన వ్రాసియుండునో దానినే ఉంచుకొనవలెను. అక్షరములు పెద్దవి కావలెనన్నచో అందుకు స్కేలు ఉన్నది.

ఐదవది, టాస్క్‌బార్‌ను దాచుట. పర్సనలైజేషన్‌లోని టాస్క్‌బార్ అమరికలలో దానంతట అది మరుగగు ఏర్పాటు కలదు. 40, 48 చుక్కలు స్వల్పమైనను, బటను అంచున తొంగిచూచుచున్నపుడు అవే చాలును.

ఆరవది, తెరను నిలువుగ త్రిప్పుట. డిస్‌ప్లే భాగములోనే ఓరియంటేషన్ అను అమరికతో దృశ్యమును పోర్ట్రెయిట్‌కు మార్చినచో 1366 × 768 తెర 768 అడ్డము, 1366 నిలువు అగును. ల్యాప్‌టాప్‌ను పుస్తకమువలె ప్రక్కకు పట్టుకొని చూడవలసివచ్చుట నవ్వు పుట్టించినను, పొడవైన పెట్టెలోని అట్టడుగు బటను సైతము ఇట్లు దొరకును.

ఏడవది, ట్యాబ్ కీ. ఒక్కొక్కమారు నొక్కినపుడు ఒక్కొక్క గడికి, బటనుకు దృష్టి మారును. మరియొక యంత్రమున అదే పెట్టెను చూచి బటన్ల వరుస తెలిసికొన్నవారు మాత్రమే దీనిని వాడుట మంచిది.

లినక్స్ వాడువారికి పని మరింత సులభము. ఆల్ట్ కీని, మరికొన్ని రకములలో సూపర్ కీని పట్టుకొని విండోలో ఏ భాగమునైనను మౌసుతో లాగి పైకి జరుపవచ్చును. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఆల్ట్‌తో ఎఫ్ 7 జరుపుటకు, ఎఫ్ 8 కొలత మార్చుటకు ఉపయోగించును. మాక్ కంప్యూటర్లలో పై పట్టికలోని "విండో" నుండి "జూమ్" ఎన్నుకొనవచ్చును. డిస్‌ప్లే అమరికలలో అధిక చోటు ఇచ్చు కొలతను ఎంచుకొనవచ్చును.

దరఖాస్తు బ్రౌజరులో తెరచినదైనచో కంట్రోల్ కీతో మైనస్ గుర్తును నొక్కినకొలది పుట చిన్నదగును. కంట్రోల్‌తో సున్న నొక్కిన యథాస్థితికి వచ్చును. ఎఫ్ 11 నొక్కిన బ్రౌజరు పట్టీలు మరుగై చోటు పెరుగును. పుట క్రిందికి జరుగుచున్నను, దానిపై వచ్చిన చిన్న పెట్టె కదలక నిలిచిపోవు సందర్భములలో ఈ మైనస్ గుర్తే దారి చూపును.

మన లిపులు, మన తెరలు

ఉర్దూ, తెలుగు భాషలు కలసిమెలసి యున్న మా కళాశాలలో ఈ విషయమునకు ఒక ప్రత్యేకత కలదు. ఆంగ్లాక్షరముల కొలతకు కట్టిన విండోలో మన లిపులను నింపినపుడు చిక్కు పెరుగును. తెలుగున "స్త్రీ" అను ఒక్క అక్షరమును చూడుడు. పైన గుడి దీర్ఘము, క్రింద రెండు వత్తులు. ఆంగ్లాక్షరమునకు చాలిన ఎత్తు దీనికి చాలదు. వరుసల నడుమ ఎడము పెంచనిచో వత్తులు తెగిపోవును. పెంచినచో విండో పొడవగును.

ఉర్దూను ప్రియముగ వ్రాయు నస్తాలీఖ్ లిపిలో పదము కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి వాలుగ దిగివచ్చును. ఆ అందమే ఎక్కువ ఎత్తును కోరును. అంతేగాక ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును గనుక, ఆ భాషకు అమర్చిన విండో అద్దములోని ప్రతిబింబమువలె తారుమారై, మూయు బటను ఎడమవైపునకు వచ్చును. కావున ఉర్దూ అమరికలో కుడిమూలను వెదకి బటను పోయినదని చింతింపరాదు. రెండు లిపులు రెండు దిక్కులకు నడచినను, ఎత్తు విషయమున రెంటి అవసరము ఒక్కటే.

వ్రాయువారి బాధ్యత

పైని ఉపాయములన్నియు వాడుకరి చేసికొను చికిత్సలు. రోగము రాకుండ చూచుట ప్రోగ్రాము వ్రాయువారి చేతిలో నున్నది. అందుకు సూత్రములు కొద్దివే. విండోను తెరచుటకు ముందు తెరలో ఎంత చోటున్నదో కంప్యూటరునే అడిగి తెలిసికొనవలెను. విండో అంతకు మించరాదు. విషయము ఎక్కువైనచో లోపలిభాగము పైకి క్రిందికి జరుగు ఏర్పాటుండవలెను. బటన్ల వరుస మాత్రము కదలక ఎల్లప్పుడు కనిపించవలెను. మూసినచోటనే మరల తెరచుకొను ప్రోగ్రాము, ఆ చోటు ఇంకను ఉన్నదా లేదా అని ముందు చూచుకొనవలెను.

వెబ్ పుటల విషయమున 2010లో ఈథన్ మార్కాట్ అను రూపకర్త ఒక వ్యాసమున, ఒకే పుట తెరను బట్టి తన అమరికను మార్చుకొను పద్ధతిని ప్రతిపాదించి దానికి పేరు పెట్టెను. 2018లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.1 అను సౌలభ్య ప్రమాణము మరియొక అడుగు ముందుకు వేసినది. సామాన్యముగ పుటలోని విషయము 320 చుక్కల వెడల్పులోనికి కుదించినను ప్రక్కలకు జరుపనక్కరలేక చదువుటకు వీలుండవలెనని అది కోరుచున్నది. 1280 చుక్కల తెరను 400 శాతము పెంచినచో మిగులు వెడల్పు సరిగ 320. అనగా ఆ నియమము చేతిఫోను కొరకు మాత్రమే కాదు. చూపు మందగించి అక్షరములను నాలుగింతలు పెంచుకొను వ్యక్తి కొరకు కూడ. అట్టివానికి స్కేలు తగ్గించుమని చెప్పుట పరిష్కారము కాదు. అందుచే పైని మూడవ ఉపాయము అందరికి వర్తింపదని, ప్రోగ్రామును సరిచేయుటయే అసలైన మార్గమని గ్రహింపవలెను.

ఈ నీతి మన పెద్దలకు క్రొత్తది కాదు. ఉర్దూ కాతిబు కలము పట్టుటకు ముందు మిస్తర్ అను దారములు బిగించిన అట్టతో కాగితముపై గీతలను అదిమి, ఎన్ని పంక్తులు పట్టునో లెక్కించుకొనెడివాడు. తెలుగు లేఖకుడు ఇరుకైన తాటియాకుపై వ్రాయునపుడు త్రాటికై వేసిన రంధ్రము చుట్టును చోటు విడిచి వ్రాసెడివాడు. ఆకు చిన్నదైనదని చదువరిని నిందించినవారు లేరు. ఉన్న ఆకులో వ్రాతను ఇమిడ్చుటయే వారి విద్య. నేటి తెర మన తాటియాకు.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటి. ప్రయోగశాలలోని ప్రతి యంత్రమున రిజల్యూషన్, స్కేలు సరిగ నున్నవో లేవో సంవత్సరారంభమున ఒకమారు పరీక్షింపజేయుడు. ప్రవేశములకు, గ్రంథాలయమునకు ఏ ప్రోగ్రామును కొన్నను 1366 × 768 తెరపై 125 శాతము స్కేలుతో, తెలుగు ఉర్దూ అక్షరములతో తెరచి చూపుమని అమ్మువారిని కోరుడు. ఈ పరీక్షకు ఖర్చు లేదు. పది నిమిషముల కాలము చాలును.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు రేపు ప్రోగ్రాములు వ్రాయువారు కాగలరు. మీ మేజాపై పెద్ద తెర ఉండవచ్చును. అపుడు మీ విండోను ఒకమారు మన ప్రయోగశాలలోని మిక్కిలి చిన్న తెరపై తెరచి చూడుడు. అందు చివరి బటను కనిపించినచో మీ పని పూర్తియైనట్లే. అంతవరకు ఏ విండో తెర దాటిపోయినను ధైర్యము వీడక ఆల్ట్, స్పేస్, ఎమ్ అను మూడింటిని జ్ఞాపకముంచుకొనుడు. ప్రక్కన కూర్చున్న మిత్రునికి నేర్పుడు.